చలి ఎక్కడిదాకా ఎక్కింది

ఆగమ్మ ఆ ఐసీయూలో ఆయాగా చేరి పంతొమ్మిదేళ్ళయింది. బహదూర్‌పురా వైపు ఉన్న పాత ట్రస్టు ఆస్పత్రి అది. రెండో అంతస్తులో పన్నెండు మంచాలు. పొద్దున ఆరున్నరకల్లా వచ్చి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, గోరువెచ్చని నీళ్ళ గిన్నె, మెత్తటి బట్టలు పెట్టుకున్న ట్రాలీ తోసుకుంటూ ఒకటో మంచం దగ్గర మొదలుపెడుతుంది. అక్కణ్ణుంచి పన్నెండో మంచం దాకా అందరి ఒళ్ళూ తుడవడం ఆమె పని. నోట్లో గొట్టాలు, మెడలో సూదులు, చుట్టూ మోగే మిషన్లు. వాళ్ళలో మాట్లాడగలిగినవాళ్ళు ఒకరో ఇద్దరో. అయినా ఆగమ్మ అందరితోనూ మాట్లాడుతూనే తుడుస్తుంది. "బాపూ, కుడి చెయ్యి లేపుతున్న. జర తడి తగుల్తది, ఫికర్ చెయ్యకు" అంటుంది.

ఒక మంగళవారం ఆరో మంచం దగ్గర పని ముగించి, స్టాఫ్ నర్సు సోనీతో చిన్న గొంతుతో అంది.

"ఈ బాపు లేస్తడు సోనీ. నాలుగో బెడ్ అమ్మ సంగతే నాకు మంచిగ అనిపిస్తలేదు."

పక్క మంచం దగ్గర ఫైలు రాసుకుంటున్న డాక్టర్ స్రవ్య తలెత్తింది. పెద్ద చదువు కోసం ఆ ఆస్పత్రిలో చేరిన చిన్న డాక్టరు ఆమె. రెండో ఏడు నడుస్తోంది. ఆమె ఫైల్లో ఉన్న లెక్క ఆయా మాటకు సరిగ్గా ఎదురు తిరిగి ఉంది. ఆరో మంచం ముసలాయన బతికే అవకాశం ముప్పై శాతమే. నాలుగో మంచం ఆమెకు ఎనభై.

నాలుగో మంచం ఆమె ఆ శుక్రవారమే పోయింది. ఆరో మంచం ఆయన తొమ్మిదో రోజున గొట్టం తీయించుకుని, గంజి అడిగి తాగి, మామూలు వార్డుకు వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం స్రవ్య ఆగమ్మను వెతుక్కుంటూ వచ్చింది. ఆయాలు టీ తాగే వెనక మెట్ల మీద దొరికింది.

"ఆగమ్మా, ఆరో బెడ్ ఆయన లేస్తడని మొన్ననే అన్నవ్ కద. నీకెట్ల తెలిసింది?"

ఆగమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. "నేనేమన్న మేడం? నేనేం అనలే."

ఆమె భయానికి కారణం ఉంది. ఆరేళ్ళ కిందట ఒక పేషెంటు భార్య కాళ్ళావేళ్ళా పడి అడిగితే, జాలిపడి "లేస్తడు, ఏడ్వకు" అని చెప్పింది. అతను లేవలేదు. చుట్టాలంతా వచ్చి కింద కౌంటర్ దగ్గర లొల్లి పెట్టారు, మీ ఆయా ఒకటి చెప్పె, మీరు ఇంకొకటి చేస్తిరి అని. ఐసీయూ పెద్ద డాక్టరు విశ్వేశ్వర్ అడ్డుపడకపోతే ఉద్యోగం ఊడేదే. "ఇంక మీద నీ నోట్ల నుంచి ఒక్క ముక్క రావద్దు" అని ఆయన గట్టిగా చెప్పాడు. అప్పట్నుంచి సోనీ చెవిలో తప్ప ఆగమ్మ ఎక్కడా నోరు విప్పలేదు.

"నిన్ను తిట్టనీకి రాలే" అంటూ స్రవ్య వెళ్ళి ఆమె పక్క మెట్టు మీదే కూర్చుంది. డాక్టరు మెట్ల మీద కూర్చోవడం ఆగమ్మ అంతకు ముందు చూడలేదు. "నా పరీక్షకు ఒక పరిశోధన చెయ్యాలె. నేను చేస్తున్నది గిదే. ఎవరు లేస్తరు, ఎవరు లేవరని ముందే చెప్పొచ్చా అని. పేషెంటు వచ్చిన మొదటి రోజు బీపీ, శ్వాస, రక్తపరీక్షలు, వయసు అన్నీ కలిపి ఒక స్కోరు వేస్తం. నీ ఆరో బెడ్ ఆయనకు వచ్చిన స్కోరు ప్రకారం, అసొంటోళ్ళు వందమంది ఉంటే డెబ్బైమంది పోతరు."

ఆగమ్మ టీ గ్లాసు మళ్ళీ అందుకుంది. "మరి ఈ బాపు డెబ్బైల ఉన్నట్టా, ముప్పైల ఉన్నట్టా?"

"అది స్కోరు చెప్పదు."

"మరింకేం చెప్పినట్టు మేడం?"

స్రవ్యకు నవ్వు వచ్చింది. ఆ ప్రశ్న తను అడగాల్సిందని, ఇన్నాళ్ళూ అడగలేదని అనిపించింది. "మంద మొత్తం మీద చెప్తది. ఒక్కొక్క మనిషి గురించి చెప్పలేదు. నువ్వేమో ఒక్క మనిషి గురించే చెప్పినవ్. ఊరికెనే కుదిరిందా, నిజంగ తెలుస్తదా అన్నది చూడాలె."

పెద్ద డాక్టరు విశ్వేశ్వర్ అనుమతి ఇవ్వడానికి రెండు వారాలు పట్టింది. ఆస్పత్రి కమిటీలో మాట్లాడి, ఆయన మూడు షరతులు పెట్టాడు. ఆగమ్మ చెప్పేది పేషెంటు మనుషుల చెవిన పడకూడదు. వైద్యం చేసేవాళ్ళకు కూడా తెలియకూడదు. ఆ మాట వల్ల ఒక్క మందు కూడా మారకూడదు. అలాగే జరిగింది. కొత్త పేషెంటు వచ్చిన మూడో పొద్దున, ఒళ్ళు తుడవడం అయ్యాక, ఆగమ్మ మందుల గది పక్కకు వచ్చి మూడు మాటల్లో ఒకటి చెప్పాలి. లేస్తడు, లేవడు, తెలుస్తలేదు. అప్పుడు ఆ మంచాలు చూసే బాధ్యతలో లేని స్రవ్య దాన్ని చీటీ మీద రాసి కవర్లో పెట్టి అంటిస్తుంది. ఎవరు ఏమైందీ తేలాక కవరు విప్పాలి.

మొదటి వారం ఆగమ్మకు దొంగతనం చేస్తున్నట్టే ఉంది. తర్వాత అలవాటైంది. ఇంకో వారానికి, ఆ మాట చెప్పేటప్పుడు తన గొంతు ఎందుకు కొన్నిసార్లు గట్టిగా వస్తోందో, కొన్నిసార్లు ఎందుకు సందేహిస్తోందో అని తనే గమనించుకోవడం మొదలుపెట్టింది.

మూడు నెలలకు అరవై ఎనిమిది కవర్లు విప్పారు. పదిహేను చీటీల్లో 'తెలుస్తలేదు' అని ఉంది. మిగిలిన యాభై మూడింటిలో నలభై మూడు సరైనవి.

"నీ మాటకు, స్కోరుకు పెద్ద తేడా లేదు. నువ్వే రెండు ఎక్కువ" అంది స్రవ్య సంబరంగా.

ఆగమ్మ మొహంలో సంబరం లేదు. "అంటే పది తప్పులా?"

"పదే."

"పదిమంది ఎవరు మేడం? నాకు ఒక్కలు గూడ యాదికి లేరు."

స్రవ్య పేర్లు చదివింది. ఒక్కొక్క పేరుకూ ఆగమ్మకు ఆ మంచం, ఆ ఒళ్ళు గుర్తొచ్చాయి, కానీ తను వాళ్ళ గురించి తప్పు చెప్పినట్టు మాత్రం గుర్తు రాలేదు. పంతొమ్మిదేళ్ళుగా తనకు తెలుసు అనుకుంటూ, నిజమైనవాటినే గుర్తుంచుకుని, మిగతావాటిని వదిలేసుకుంటూ వచ్చిందా? ఆమెకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఇంకోటి కూడా కలిగింది. ఇంతకూ నలభై మూడు ఎలా చెప్పగలిగాను?

అదే మాట స్రవ్య కూడా అడిగింది. "ఏం చూసి చెప్తవ్?"

"నాకు తెల్వదు మేడం. తుడుస్తుంటె మనసులకు వస్తది."

ఆ సాయంత్రం కిషన్‌బాగ్‌లోని ఇంట్లో రొట్టెలు చేస్తూ భర్త మొగులయ్యను అడిగింది. అతను జూ పార్కులో జంతువులకు మేత పెట్టే ఉద్యోగి. ముప్పై ఏళ్ళ సర్వీసు. జింకకు జ్వరం వస్తే డాక్టరు కన్నా ముందు అతనికి తెలుస్తుందని పేరు.

"నీకెట్ల తెలుస్తదయ్యా జింకకు పాణం మంచిగ లేదని?"

"ఎట్ల తెలుస్తదంటె... తెలుస్తది." మొగులయ్య రొట్టె తుంచుతూ ఆగాడు. "మా డాక్టర్ సాబ్ గూడ ఒకపారి అడిగిండు. నేను చెప్పలేకపోయిన. అయితె ఆయన ఏం చేసిండంటె, నన్ను రోజు తిరిగినట్టు తిరుగమని నా ఎన్క ఎన్క తిరిగిండు. ఎక్కడ నిలబడ్తనో రాసుకుండు. నేను మేత పెట్టి ఎంటనె పోనట. జింక మొదటి బుక్క నోట్ల పెట్టుకున్నంక చెవులు కదుపుతదా లేదా చూసినంకనే పోతనట. ముప్పై ఏండ్లకెల్లి గదే చేస్తున్న, నాకే తెల్వదు."

మర్నాడు ఆగమ్మ ఆ సంగతి చెప్పగానే స్రవ్య కళ్ళు పెద్దవయ్యాయి. ఇద్దరూ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. ఒక పొద్దున ఆగమ్మ ఎవర్నీ ముట్టకుండా గుమ్మం దగ్గర నిలబడి చూసి మాత్రమే చెప్పాలి. చెప్పలేకపోయింది. ఇంకో పొద్దున దగ్గరికి పోయి వాసన, శ్వాస, మొహం గమనించి చెప్పాలి. ఇద్దరి గురించి చెప్పింది, ఆ ఇద్దరి గురించీ గొంతు తడబడింది. మూడో రోజు నడుము పైన ఆగమ్మ తుడిచింది, నడుము కింద సోనీ. ఆ రోజు అన్ని మంచాలకూ ఒకటే మాట వచ్చింది. తెలుస్తలేదు.

"రేపు తిప్పి చేద్దాం. పైన సోనీ, కింద నువ్వు" అంది స్రవ్య.

మర్నాటి పొద్దున స్రవ్య ట్రాలీ పక్కనే నడిచింది. రెండో మంచం దగ్గర ఆగమ్మ దుప్పటి మోకాళ్ళ దాకా తీసింది. తడిబట్ట అందుకోబోయే ముందు ఆమె చెయ్యి ఒకసారి పేషెంటు మోకాలి పైన ఆగింది. చేతికి గ్లౌజు ఉంది కనుక, గ్లౌజు అంచుకు పైన మణికట్టు లోపలి వైపును ఆనించింది. అక్కడి నుంచి పిక్క మీదుగా మడమ దాకా మెల్లగా జారింది. తర్వాతే బట్ట తీసుకుంది. మూడో మంచం దగ్గరా అంతే. ఐదో మంచం దగ్గరా అంతే.

"ఆగు ఆగు" అంది స్రవ్య. "గిప్పుడు ఏం చేసినవ్?"

"ఏం చేసిన? తుడుస్తున్న."

"బట్ట పెట్టకముందు. చెయ్యి ఆనిచ్చినవ్."

ఆగమ్మ తన మణికట్టు వైపు ఎవరిదో అన్నట్టు చూసుకుంది. మళ్ళీ ఆనించింది. ఈసారి తెలిసి ఆనించింది. "చలి చూస్తున్న మేడం" అంది నెమ్మదిగా, తనకే చెప్పుకుంటున్నట్టు. "కాళ్ళు చల్లగుంటయి గద. ఆ చలి ఎక్కడిదాకా ఎక్కింది అని చూస్తున్న. నిన్న మోకాలి దాకా ఉన్న చలి ఇయ్యాల మడమకు దిగితె లేస్తడు. ఎక్కితె లేవడు." ఐదో మంచం ఆయన మోకాలు చూపించింది. చిప్ప చుట్టూ చర్మం మీద ఊదారంగు చారలు, దోమతెర అల్లికలా. "ఇగో, ఈ జాలీ గూడ. గిది తొడ మీదికి పాకిందంటె మంచిగ కాదు."

స్రవ్య మోకాళ్ళ మీద వంగి చాలాసేపు చూసింది. "ఇది మా పుస్తకాలల్ల ఉన్నది ఆగమ్మా! ఒళ్ళు కష్టంల పడ్డదంటె గుండెకు, మెదడుకు రక్తం పంపనీకి ముందుగాల కాళ్ళ చర్మానికి తగ్గిస్తది. మేం చదివినం, పరీక్షల రాసినం. రోజు దుప్పటి తీసి చూస్తలేం, గంతే." లేచి నిలబడి అంది: "ఇంకోటి తెలుసా? నా స్కోరు మొదటి రోజుదే. నువ్వు నిన్నటికి ఇయ్యాలటికి తేడా చూస్తున్నవ్."

అయితే గ్లౌజు లేని మణికట్టు ఆనించినందుకు చీవాట్లు కూడా పెట్టింది. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి రోగం మోసినట్టవుతుంది కదా. ఇక నుంచి ప్రతి మంచం దగ్గరా మోచేతి దాకా కడుక్కోవాలంది. ఆగమ్మ ఒప్పుకుంది.

సుగుణమ్మ వచ్చింది ఆ తర్వాతి నెలలోనే.

ఆమెది ఆగమ్మ వాళ్ళ గల్లీయే. మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చే పని చేసి రిటైరైన మనిషి. ఆగమ్మ పెళ్ళై కిషన్‌బాగ్‌కు వచ్చిన మొదటి నెలలో నల్లా దగ్గర బిందె వరస కోసం ఆమెతోనే జుట్లు పట్టుకున్నంత పని చేసింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళుగా ఒకరి ఇంట్లో కూర వండితే ఇంకొకరి ఇంటికి గిన్నె వెళ్ళకుండా లేదు. షుగరు ఉంది. కుడి పాదం మీద పుండైతే పసుపు రాసుకుని వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రికి తెచ్చేసరికి ఒళ్ళంతా విషం పాకి, బీపీ పడిపోయి, మనిషి మాటలో లేదు. పుండు కోసి శుభ్రం చేసి, మోకాలి కింది దాకా కట్టు కట్టి తొమ్మిదో మంచం మీద పడుకోబెట్టారు. శ్వాసకు మిషను, బీపీ నిలబడడానికి మందు. స్కోరు ప్రకారం అలాంటివాళ్ళు వందమందిలో డెబ్బై ఎనిమిది మంది పోతారు.

మొదటి పొద్దున ఆగమ్మ మణికట్టు ఆనించింది. రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా చల్లగానే ఉన్నాయి. బీపీ మందు ఎక్కుతుంటే కాళ్ళు చల్లబడటం మామూలే. రెండో పొద్దునా అంతే. మూడో పొద్దున ఎడమకాలు తాకగానే ఆమె గుండె తేలికపడింది. చలి మడమకు దిగిపోయింది. కుడికాలు కూడా తాకింది. తాకి, గబగబా తుడిచేసి, దుప్పటి కప్పింది.

మందుల గది పక్కన స్రవ్య చీటీ పట్టుకుని ఉంది.

"తొమ్మిదో బెడ్?"

"లేస్తది" అంది ఆగమ్మ. గొంతు చాలా గట్టిగా వచ్చింది.

స్రవ్య రాసి కవరు అంటించింది.

పదకొండు గంటలకు ఆయాలంతా టిఫిను డబ్బాలు విప్పారు. ఆగమ్మ రొట్టె తుంచింది కానీ నోట్లో పెట్టుకోలేదు. ఇంతసేపూ ఆమె మణికట్టు మీద ఆ రెండో కాలే ఉంది. కట్టు పై అంచు దాటి, మోకాలు దాటి, తొడ సగం దాకా చల్లగా, ముద్దగా. ఒక కాలికి దిగిన చలి ఇంకో కాలికి ఎందుకు ఎక్కాలి? పంతొమ్మిదేళ్ళలో రెండు కాళ్ళూ రెండు మాటలు చెప్పడం ఆమెకు ఎప్పుడూ ఎదురుపడలేదు. ఎదురుపడినా వినలేదేమో, ఆ పదిమంది సంగతి మరచిపోయినట్టు.

డబ్బా మూసేసి లేచింది. స్రవ్య ఎక్స్‌రేలు చూస్తోంది.

"మేడం, నేను పొద్దుగాల తప్పు చెప్పిన."

"కవరు అంటించినంక మార్చొద్దు ఆగమ్మా, అది రూలు."

"చీటీ మార్చమంటలే. నేను ఒక కాలు మాటే చెప్పిన మీకు. సుగుణక్క లేవాలని ఉండె నాకు. ఎడమకాలు దిగింది. కుడిది ఎక్కింది, తొడ దాకా. అది చెప్పకుంటనే వచ్చేసిన."

స్రవ్య ఒక్క క్షణం ఆమె వైపు చూసింది. పెద్ద డాక్టరు పెట్టిన షరతు గుర్తొచ్చే ఉంటుంది. ఆ మాట వల్ల ఒక్క మందు కూడా మారకూడదు. అప్పటికే ఆమె తొమ్మిదో మంచం వైపు పరుగులాంటి నడకతో పోతోంది.

దుప్పటి తీసి రెండు తొడలూ తాకి చూసింది. కట్టు విప్పించింది. మిషను తెచ్చి రక్తం పారే చప్పుడు కోసం వెతికింది. ఎడమకాలికి వినపడింది. కుడికాలికి మోకాలి వెనక వినపడలేదు. విశ్వేశ్వర్ వచ్చాడు, ఆపరేషన్ డాక్టరు వచ్చాడు. కాలికి పోయే పెద్ద రక్తనాళం మూసుకుపోయింది, కాలు చచ్చిపోతోంది, ఆ చచ్చిన కాలే ఒళ్ళంతటికీ విషం పంపుతోంది అన్నారు. మోకాలి పైన తీసేయాలి. తీసేసినా బతుకుతుందని హామీ లేదు.

సుగుణమ్మ కొడుకు శ్రవణ్‌కుమార్, ఆర్టీసీ డ్రైవరు, కాగితం చేతిలో పట్టుకుని వరండాలో ఆగమ్మకు ఎదురొచ్చాడు. "చిన్నమ్మా, నువ్వు రోజు సూస్తవ్ గద గిసొంటోళ్ళను. కాలు తీస్తె అమ్మ బతుకుతదా? సంతకం పెట్టాల్నా?"

ఆరేళ్ళ కిందటి లొల్లి ఆగమ్మకు గుర్తు రాలేదు.  "నిజంగ నాకు తెలుస్తలేదు బిడ్డా" అంది. "డాక్టర్లు సూసిండ్రు. నేను గూడ సూసిన. కాలైతె పోయింది. మీ అమ్మ సంగతి తెల్వదు."

అతను గోడకు కాగితం ఆనించి సంతకం పెట్టాడు.

ఆపరేషను అయిన మర్నాటి నుంచి ఆగమ్మ చూడడానికి ఎడమకాలు ఒక్కటే మిగిలింది. చలి మడమ దగ్గరే రెండు రోజులు ఆగింది, ఎక్కకుండా, దిగకుండా. మూడో రోజు వేళ్ళకు దిగింది. బీపీ మందు తగ్గించారు. ఎనిమిదో రోజు గొట్టం తీశారు. తొమ్మిదో రోజు సుగుణమ్మ చెయ్యి జరిపి దుప్పటి కింద తడుముకుంది.

ఆగమ్మ అక్కడే ఉంది. తప్పించుకోలేదు. "నేనే చెప్పిన అక్కా, కాలు చల్లగైందని. నేను చెప్తెనే సూసిండ్రు."

సుగుణమ్మ గొంతు బొంగురుగా వచ్చింది. "తియ్యకుంటె సచ్చిపోతుంటినా?"

"ఏమో అక్కా. గట్లనే అనుకుండ్రు."

"ఏమో అనుకుంటనే నా కాలు తీపిచ్చినవా?"

 సుగుణమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. రెండు రోజులు ఆగమ్మను ఒంటి మీద చెయ్యి వేయనివ్వలేదు, సోనీయే తుడిచింది. మూడో పొద్దున ట్రాలీ పక్కనుంచి పోతుంటే మంచం మీద నుంచి పిలుపు వచ్చింది. "ఏయ్, ఇటు రా. ఆ పోరికి తుడుసుడు వస్తలేదు. చెవుల ఎన్క అట్లనే ఇడిసిపెడ్తున్నది."

ఆగమ్మ చెవుల వెనక తుడిచింది. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ ఏడవనట్టే ఉన్నారు.

సుగుణమ్మ మూడు వారాలకు చక్రాల కుర్చీలో ఇంటికి పోయింది. పరిశోధన కూడా అప్పటికి చివరికి వచ్చింది. తొమ్మిదో మంచం కవరు విప్పితే 'లేస్తది' అని ఉంది. స్రవ్య దాన్ని సరైనవాటిలో వేయబోతుంటే విశ్వేశ్వర్ వద్దన్నాడు.

"ఆగమ్మ చెప్పడం వల్లనే మనం వైద్యం మార్చినం. ముందే చెప్పిన మాట వల్ల జరిగేదే మారిపోతే, ఇంక ఆ మాట నిజమా అబద్ధమా అని ఎట్ల చూస్తవ్? ఆ పేషెంటును తీసెయ్. ఎందుకు తీసేసినవో రాయి."

డాక్టరుకు చూపించుకోవడానికి మళ్ళీ ఆస్పత్రికి వచ్చిన రోజు సుగుణమ్మకు ఈ సంగతి తెలిసింది. కుర్చీలోంచే చెయ్యి తిప్పింది. "గదేంది డాక్టరమ్మా? గంత కష్టపడి నేను బతికితె, నేను మీ లెక్కల లేనా?"

"లేవు సుగుణమ్మా. కానీ నీ కోసం పుస్తకంల ఒక పేజీ మొత్తం రాసిన" అంది స్రవ్య. అది నిజమే. ఒక్క పేషెంటు కోసం అంత రాయడమేమిటని విశ్వేశ్వర్ అడిగాడు కూడా, కానీ కొట్టేయలేదు.

చివరి లెక్క తేలింది. నూట ఇరవై మందిలో ఆగమ్మా, స్కోరూ ఒకే మాట చెప్పినవాళ్ళు డెబ్బై మంది. ఆ ఇద్దరూ కలిసి చెప్పింది దాదాపు ఎప్పుడూ నిజమే. నలుగురి విషయంలో మాత్రం ఇద్దరూ తప్పారు. నలుగురూ లేవరన్నారు. నలుగురూ లేచారు.

స్రవ్య ఫైలు మూయబోతుంటే ఆగమ్మ అంది: "మేడం, నేను చెప్పిందానికి చలి కారణమని తెలిసింది. స్కోరుకు రక్తపరీక్షలు కారణం. ఈ నలుగురికి ఏం ఉండె మరి? మనిద్దరికి కండ్లవడనిది?"

"నాకు గూడ తెల్వదు ఆగమ్మా."

"అడుగుదమా?"

నలుగురిలో ఇద్దరు ఫోను ఎత్తలేదు. ఒకామె కూతురి దగ్గరికి నిజామాబాద్ వెళ్ళిపోయింది. నాలుగో ఆయన బుచ్చయ్య, అఫ్జల్‌గంజ్‌లో కుట్టుమిషన్లు బాగు చేస్తాడు. నిమోనియాతో ఇరవై రోజులు వెంటిలేటర్ మీద ఉన్నవాడు. చలి తొడల దాకా ఎక్కినవాడు. ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ ఆటోలో వెళ్ళారు. సందులో చిన్న షాపు. బుచ్చయ్య గోనెపట్టా మీద కూర్చుని మిషను చక్రం విప్పుతున్నాడు. మనిషి సన్నబడ్డాడు కానీ చేతులు చకచకా ఆడుతున్నాయి. అతని భార్య నీలమ్మ స్టూళ్ళు వేసింది.

స్రవ్య జాగ్రత్తగా మొదలుపెట్టింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఏమైనా గుర్తుందా, ఇంతకు ముందు ఏ పని చేసేవాడు, ఏం తినేవాడు, ఒళ్ళు ఎలా ఉండేది. బుచ్చయ్య అన్నిటికీ జవాబు చెప్తూ పోయాడు. దాహం తప్ప ఏమీ గుర్తు లేదన్నాడు. బీడీ కాల్చేవాణ్ణి అన్నాడు. చిన్నప్పుడు ఒకసారి బావిలో పడి తేలానన్నాడు. స్రవ్య అన్నీ రాసుకుంటుంటే ఆగమ్మ అతని చేతుల వైపు, కాళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

ఇరవై ప్రశ్నల తర్వాత అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ఆగుండ్రి మేడం, నాకు సమజైతలేదు. నేనెందుకు సావలేదని అడుగనీకి వచ్చిండ్రా మీరు?"

 ఆగమ్మే జవాబిచ్చింది. "అవును బుచ్చన్నా. మేం ఇద్దరం నువ్వు పోతవని రాసి పెట్టినం. ఏడ తప్పినమో తెల్సుకుందమని వచ్చినం."

బుచ్చయ్య పక్కకు తిరిగి నీలమ్మను కేకేశాడు. "వింటున్నవా? డాక్టర్లు గూడ నన్ను లెక్క తప్పిండ్రంట! రా, నువ్వు చెప్పు ఈళ్ళకు. నాకైతె యాదికి లేదు, గా ఇరవై రోజులు బయట కూసున్నది నువ్వే."

నీలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది. "ఏడికెల్లి చెప్పాలె?" అంది.

"మొదటి రోజు కెల్లి చెప్పు అక్కా" అంది ఆగమ్మ, స్టూలు కొంచెం దగ్గరికి జరుపుకుంటూ. స్రవ్య కొత్త కాగితం తిప్పింది.